బీటవారిన కవచం

మా కాకినాడలో పిల్లలకి మార్కులు వేసే బడులు చాలవనుకున్నారో ఏమో, నాణేలకి మార్కులు వేసే కార్యాలయం కూడా ఒకటి తెరిచారు. దాని పేరు నాణెముల శ్రేణీకరణ మరియు కవచ సంరక్షణ ప్రాంతీయ కార్యాలయము. ఆ బోర్డు మొత్తం చదివి లోపలికి అడుగుపెట్టేసరికి భోజన విరామం వచ్చేస్తుందని మా వీధివాళ్ళు చెప్పుకునేవారు. పాత నాణెం ఏదైనా పట్టుకెళ్ళి ఇస్తే వాళ్ళు భూతద్దం పెట్టి చూసి, డెబ్భైకి ఇన్ని అని మార్కులు వేసి, గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అతుకు కనపడకుండా మూసేసి, పైన మార్కుల చీటీ పెట్టి ఇస్తారు. ఆ డబ్బాకి వాళ్ళు పెట్టుకున్న పేరు కవచం. వందకి కాకుండా డెబ్భైకే ఎందుకండీ అని అడిగాను. ప్రపంచమంతటా అంతేనని జవాబిచ్చారు. ప్రపంచమంతా ఒప్పుకున్న దాన్ని రామారావుపేటలో కూర్చుని నేను కాదనడం మర్యాద కాదు కాబట్టి ఊరుకున్నాను.

ఊరు మాత్రం ఊరుకోలేదు. దేవుడి హుండీలో వేద్దామని దాచిన కానీలు, పోపుడబ్బాల అడుగున మరిచిపోయిన అణాలు, పిల్లల మొలతాళ్ళకి కట్టిన చిల్లుకానీలు అన్నీ వరసకట్టి ఆ కార్యాలయానికి నడిచాయి. పెళ్ళిళ్ళలో పక్కపక్క బంతుల్లో కూర్చున్నవాళ్ళు పిల్లలేం చదువుతున్నారని అడగడం మానేసి, మీ అర్ధణాకి ఎన్నొచ్చాయని అడగడం మొదలుపెట్టారు. తక్కువ వచ్చినవాళ్ళు పేపరు దిద్దడంలో పొరపాటు జరిగిందనీ, మళ్ళీ దిద్దించడానికి పెట్టామనీ చెప్పుకుని పెరుగన్నం కలుపుకునేవారు.

ఈ జ్వరం మా ఇంట్లో మొట్టమొదట మా బావమరిది వీరభద్రానికి తగిలింది. వీరభద్రం రేవు ఆఫీసులో గుమాస్తా. మంచివాడు. ఏ కొత్త వింత వచ్చినా ముందు వాడు మునిగి, తరవాత ప్రేమకొద్దీ మమ్మల్ని కూడా ముంచుతాడు. యోగాసనాలు వచ్చినప్పుడూ అంతే, వేపరసం వచ్చినప్పుడూ అంతే. ఈసారి వాడి కళ్ళు మా పూజగూట్లో ఉన్న వెండి రూపాయి మీద పడ్డాయి.

ఆ రూపాయి సంగతి చెప్పాలి. అది మా తాతగారి నాటిది. దాని మీద ఇంగ్లీషు రాజుగారి ముఖం ఎప్పుడో అరిగిపోయి, ఇప్పుడు ముక్కూ, గడ్డంలో కొంతభాగమూ మిగిలాయి. మా ఇంట్లో ఏ బిడ్డకి అన్నప్రాసన జరిగినా ఆ రూపాయిని పాయసంలో ముంచి నాలిక్కి రాస్తారు. కొందరిళ్ళల్లో ఉంగరంతో రాస్తారు, కొందరు వెండి చెంచాతో పెడతారు, మాకు రూపాయి. మా నాన్న నాకాడు, నేను నాకాను, నా కూతురు హైమ నాకింది. రాజుగారి ముఖం అంతలా అరిగిందంటే దానికి బజారులో చేతులు మారడం కారణం కాదు, మా వంశమే కారణం.

తళతళలాడించి తెస్తానని చెప్పి వీరభద్రం ఆ రూపాయిని పట్టుకెళ్ళాడు. వారం తిరక్కుండా డబ్బాలో పెట్టించి తెచ్చి, మా అమ్మ వరహాలమ్మ చేతిలో పెట్టి, కాళ్ళకి దండం పెట్టాడు. మా అమ్మ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి ఎన్నొచ్చాయని అడిగింది. డెబ్భైకి ఎనిమిది అన్నాడు.

"మా మావగారి రూపాయికి ఎనిమిదా?" అంది మా అమ్మ. ఆ పూట అన్నం తినలేదు.

అక్కడితో ఆగితే ఇది కథ కాకపోను. హైమకి ఆడపిల్ల పుట్టి అయిదో నెల నడుస్తోంది. పురిటికి వచ్చిన పిల్ల ఇంకా మా ఇంట్లోనే ఉంది. రాబోయే దశమినాడు అన్నప్రాసనకి ముహూర్తం పెట్టించాం. అయిదు దాటితే ఆడపిల్లకి మళ్ళీ ఏడో నెల దాకా ఆగాలి. అప్పటికి అల్లుడు ఓడ ఎక్కేస్తాడు, వాడు సరుకు ఓడలో ఇంజనీరు, మళ్ళీ ఎప్పుడు దిగుతాడో సముద్రానికే తెలియాలి. కాబట్టి దశమే ఖాయం. పాయసానికి పాలు చెప్పుకున్నాం, పీటలు కడిగాం. రూపాయి మాత్రం డబ్బాలో ఉంది.

మా అమ్మ దాన్ని తీయడానికి మొదట గోరుతో ప్రయత్నించింది, తరవాత అట్లకాడతో, ఆ తరవాత వేణ్ణీళ్ళలో నానబెట్టింది. చివరికి కత్తిపీట వేసుకుని కూర్చుని, కందగడ్డని తరిగినట్టు డబ్బా మూలని కత్తికి ఆనించి నొక్కింది. టప్పుమని ఒక మూల బీటవారింది. రూపాయి బయటికి రాలేదు. రెండోసారి నొక్కబోతుండగా వీరభద్రం గుమ్మంలోకి వచ్చాడు.

వాడి ముఖం చూసి ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాం. కవచం బీటవారిందంటే లోపలికి గాలి పోతుందనీ, చెమ్మ పోతుందనీ, నాణేనికి తీరని హాని జరుగుతుందనీ వణుకుతూ చెప్పాడు.

"పసిపిల్లల చొంగలో మూడు తరాలు నానిన రూపాయి నాయనా అది. గాలికి పోతుందా?" అంది మా అమ్మ.

వాడు వినలేదు. డబ్బాని తువ్వాల్లో చుట్టి, గుండెకి హత్తుకుని, సాయంత్రానికల్లా బాగుచేయించి తెస్తానని స్కూటరెక్కాడు. సాయంత్రం ఒట్టి తువ్వాలుతో తిరిగొచ్చాడు. నాణేన్ని కార్యాలయం వారు ఉంచుకున్నారట.

మర్నాడు నేనే వెళ్ళాను. కవచాధికారి అనంతశయనంగారు నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. సన్నగా, శుభ్రంగా ఉంటారు. వేళ్ళకి తెల్ల తొడుగులు. ఆ తొడుగులతోనే కాఫీ తాగుతారు. కార్యాలయంలో కాజాలు తినరాదని ఆయన వెనక ఒక ప్రకటన ఉంది, పాకం వేళ్ళతో కవచాలు ముట్టుకుంటారని భయం. నేను మా డబ్బా సంగతి ఎత్తితే, డబ్బా అన్నంతసేపూ ఆయనకి వినపడలేదు. కవచం అన్న వెంటనే వినపడింది.

ఆయన మా డబ్బాని మఖమల్ గుడ్డ మీద పెట్టి, భూతద్దం కంటికి బిగించుకుని, బీటవారిన మూలని చాలాసేపు చూశారు. రూపాయి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి నిట్టూర్చి, కవచానికి కలిగే హానులు నాలుగు రకాలని నాకు పాఠం చెప్పారు. గీత, చిట్లు, పెచ్చు, బీట. గీతకి క్షమాపణ ఉంది, చిట్లుకి హెచ్చరిక ఉంది, పెచ్చుకి విచారణ ఉంది. బీటకి ఇప్పటిదాకా ఏమీ లేదు, ఎందుకంటే ఈ కవచాలు బీటవారవని తయారుచేసినవాళ్ళు హామీ ఇచ్చారు. మా అమ్మ చేసిన పనివల్ల శాఖలో ఒక నిబంధన కొత్తగా పుట్టవలసి వస్తోందని ఆయన కొంచెం గర్వంగానే చెప్పారు.

చాలా సంతోషమండీ, నిబంధన పుట్టేలోగా మా రూపాయి ఇప్పించండి, దశమినాడు పనుంది అన్నాను.

"నాణెము ప్రస్తుతము సాక్షి హోదాలో ఉన్నదండి" అన్నారు ఆయన. "విచారణ ముగియువరకు సాక్షిని విడుదల చేయజాలము."

"రూపాయి ఏం సాక్ష్యం చెబుతుందండీ?"

"ఘటన జరిగిన సమయమున కవచము లోపల ఉన్నది అదొక్కటియే గదండీ."

పోనీ పాత డబ్బా తీసేసి కొత్తది వెయ్యండి, ఆ తీసి వేసే మధ్యలో ఒక గంట మాకివ్వండి అని బతిమాలాను. అది ఎందుకు కుదరదో ఆయన ఓపిగ్గా వివరించారు. కొత్త కవచం వెయ్యాలంటే పాత కవచం తెరవాలి. తెరవడమంటే కవచానికి హాని చేయడం. కవచాలకి హాని చేయరాదన్నది శాఖ మొదటి నిబంధన, శాఖ పుట్టిందే అందుకోసం. కాబట్టి బీటవారిన కవచాన్ని తెరవకుండా, అలాగే ఇంకొంచెం పెద్ద కవచంలో పెట్టి మూసేస్తారు. దాన్ని ఉపకవచం అంటారు. మాట్లాడుతుండగానే లోపలినుంచి ఒక ఉద్యోగి వచ్చి, ఆ పని అయిపోయిందని శుభవార్త చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే హైమ నవ్వింది. మా అమ్మ నవ్వలేదు. కత్తిపీట కడిగి, పదును చూసుకుని, గోడకి ఆనించింది.

రెండు రోజుల్లో కబురొచ్చింది. బీటవారిన మూల గరుకుగా ఉండడంవల్ల అది లోపలినుంచి ఉపకవచాన్ని గీకుతోందట. అందుకని రెంటినీ కలిపి మహాకవచంలో పెట్టారట. మహాకవచాన్ని మోసేటప్పుడు బల్ల అంచు తగిలి మూల నొక్కుకుపోతే, దాన్ని పరమకవచంలో పెట్టారట. నేను వెళ్ళి చూసేసరికి మా రూపాయి ఇటుకల బట్టీ ఇటుకంత అయింది. ఇద్దరు పట్టుకుని తోపుడుబల్ల మీద తెచ్చి చూపించారు. ఇటునుంచి చూసినా అటునుంచి చూసినా తెల్లటి ప్లాస్టిక్ మెరుపే తప్ప రూపాయి కనపడలేదు. లోపల ఉందా అని అడిగాను. అనంతశయనంగారు ఆ ఇటుకని మెల్లగా కదిపారు. లోపల ఎక్కడో గలగలమంది. అదేనండి అన్నారు.

ఈలోగా బీటకి మార్కులు వేయాలన్న ఆలోచన ఆ కార్యాలయంలో ఎవరికో వచ్చింది. ఆలోచించి చూస్తే సబబే. నాణెం అరుదు కాబట్టే కదా మార్కులు. మా రూపాయిలాంటి రూపాయలు దేశంలో లక్షలున్నాయి, బీటవారని కవచం బీటవారడం మాత్రం ఒక్కసారే జరిగింది. అంచేత ఏది అరుదు? పై కార్యాలయం నుంచి నిపుణులు వచ్చి, బయటి కవచాల్లోంచే దీపం వేసి పరీక్షించి, మా డబ్బాకి డెబ్భైకి యాభై ఎనిమిది వేశారు. లోపలి రూపాయికి మాత్రం ఆ ఎనిమిదే.

ఊరు ఈ వార్త విని ఒక్క రాత్రిలో మతం మార్చుకుంది. నాణేలు పోగేసేవాళ్ళు కవచాలు పోగేయడం మొదలుపెట్టారు. పోగేసినవి పగలగొట్టడం మొదలుపెట్టారు. భానుగుడి దగ్గర కొబ్బరిబొండాలు కొట్టే అతను, అడిగినవాళ్ళకి అడిగిన మూలలో బీట కొట్టి ఇస్తున్నాడని తెలిసి, బొండం కావలసినవాళ్ళకి వరసలో చోటు దొరకలేదు. వీరభద్రం కవచ ప్రియుల సంఘంలో చేరి కార్యదర్శి అయ్యాడు. మా ఇంటికొచ్చినప్పుడల్లా బావగారూ మనది తొలి బీటండీ, చరిత్రలో నిలిచిపోతుందండీ అంటూ కళ్ళు తుడుచుకునేవాడు. దశమి దగ్గర పడుతోంది వీరభద్రం అని నేనంటే, చరిత్ర ముందు దశమి ఎంతండీ అనేవాడు.

ఇన్ని బీటలు వచ్చి పడేసరికి కార్యాలయానికి కొత్త చిక్కొచ్చింది. ఏది సహజమైన బీట, ఏది కావాలని చేసిన కృత్రిమ బీట? దీనికోసం ఒక విభాగం తెరిచి, ఆదర్శంగా పెట్టుకోవడానికి తొలి బీట పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవాలని నిర్ణయించారు. మా అమ్మకి పిలుపొచ్చింది. సంఘటనకి వాడిన పరికరంతో సహా రావలెనని అందులో ఉంది. మా అమ్మ జరీ అంచు చీర కట్టుకుని, కత్తిపీటకి పాత గుడ్డ చుట్టి, ఒక కందగడ్డ కూడా పట్టుకుని రిక్షా ఎక్కింది. కందగడ్డ ఎందుకంటే, అడిగితే చూపించాలిగా అంది.

సంచాలకురాలు విద్యుల్లతాదేవిగారి గదిలో తివాసీ మీద మా అమ్మ కత్తిపీట వేసుకుని కూర్చుంది. చుట్టూ అధికారులు నిలబడ్డారు. విద్యుల్లతాదేవిగారు కళ్ళజోడు సర్దుకుని, ప్రశ్నలన్నీ తానే అడిగారు. ఏ చెయ్యి, ఏ వాలు, ఎంత బలం అన్నీ అయ్యాయి. మా అమ్మ ఓపిగ్గా కంద తరిగి చూపిస్తూ జవాబులు చెప్పింది. ముక్కలు కూర ముక్కల్లా సమానంగా పడుతుంటే ఒకాయన కొలబద్ద పెట్టి కొలిచి రాసుకున్నాడు.

"ఘటనకు పూర్వము మీ ఉద్దేశము ఏమిటి?" అని అడిగారు విద్యుల్లతాదేవిగారు.

"రూపాయి తీద్దామని."

"కవచమును గాయపరచు ఉద్దేశము లేదా?"

"డబ్బాతో నాకేం పగమ్మా?"

గదిలో గుసగుసలు లేచాయి. అనంతశయనంగారి కళ్ళు మెరిశాయి. ఊరివాళ్ళు పగలగొడుతున్న కవచాలన్నీ పగలగొట్టాలనే పగలగొట్టినవి. మా అమ్మది ఒక్కటే కవచం మీద ఏ ఉద్దేశమూ లేకుండా పడిన బీట. దాన్ని నిర్వైర ఘాతము అని రాసుకుని, మార్కులు అరవై ఆరుకి పెంచారు. మా అమ్మకి శాలువా కప్పారు. ఆవిడ శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఇక నా రూపాయి ఇచ్చెయ్యండమ్మా అంది. తొలి బీట ఇప్పుడు శాఖ ఆస్తి అనీ, పోతే మా భావోద్వేగాలని శాఖ గౌరవిస్తుందనీ, తగిన ప్రత్యామ్నాయం ఆలోచించమని కవచాధికారిగారిని ఆదేశిస్తున్నామనీ విద్యుల్లతాదేవిగారు సెలవిచ్చారు. మా అమ్మ కంద ముక్కలు ఏరుకుని ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం కందాబచ్చలి కూర చాలా బాగా కుదిరింది. ఎవరికీ సయించలేదు.

అనంతశయనంగారు మూడు పూటలు ఆలోచించి ప్రత్యామ్నాయం కనిపెట్టారు. దశమినాడు బిడ్డని కార్యాలయానికే తీసుకురావచ్చు. పరమకవచాన్ని శుభ్రంగా తుడిచి బల్ల మీద పెడతారు. పాయసాన్ని దాని పైభాగాన ఒక చుక్క ఉంచి, అక్కడినుంచి బిడ్డ నాలిక్కి అందించవచ్చు. పాయసం పరమకవచాన్ని తాకుతోంది, పరమకవచం మహాకవచాన్ని, మహాకవచం ఉపకవచాన్ని, ఉపకవచం కవచాన్ని, కవచం నాణేన్ని తాకుతున్నాయి కాబట్టి, పరంపరగా నాణెం తాకినట్టే. ఇది ఆయన మా ఇంటికొచ్చి, మా వసారాలో కూర్చుని, మా అమ్మకి స్వయంగా చెప్పారు. చెప్పడంలో ఏ మోసమూ లేదు, మాకు సాయం చేస్తున్నాననే ఆయన నమ్మకం.

మా అమ్మ అంతా విని లోపలికి వెళ్ళింది. అన్నప్రాసన నాడు తేడా రాకూడదని ఆ ఉదయమే పాయసం ఒకసారి కాచి చూసుకుంది. ఆ పాయసాన్ని టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో పోసి, దాని మీద ఖాళీ గిన్నెలన్నీ పెట్టి, మూత బిగించి, కొక్కెం వేసి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తిను బాబూ."

ఆయన మొహమాటంగా నవ్వి, కొక్కెం తీయబోయారు. మా అమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"తెరవక్కర్లేదు. పై మూత నాకు. కింద గిన్నెలో పాయసం ఉంది, గిన్నెని గిన్నె తాకుతూనే ఉంది. పరంపరగా అందుతుంది."

అనంతశయనంగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఏలకుల వాసన మాత్రం బయటికి వస్తూనే ఉంది. తర్కం బాగానే ఉంది గాని ఈ విషయమై తమ శాఖలో నిబంధన లేదని చెప్పి లేచారు. గుమ్మం దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి క్యారేజీని చూసి వెళ్ళారు. నేను నవ్వబోయి అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇంట్లో పుట్టిన తొలి మునిమనవరాలికి ఈ రూపాయితో తన చేత్తో పెట్టడం ఒక్కటే ఆవిడ అడుగుతున్నది, అదీ దొరకదేమోనన్న భయం ఆవిడకి ఆ పూట మొదలైంది. నాకు మొదటిసారి ఆ కార్యాలయం మీద నిజంగా కోపం వచ్చింది. కానీ కోపగించుకోవడానికి అక్కడ దుర్మార్గుడు ఒక్కడైనా ఉండాలిగా, అందరూ మర్యాదస్తులే.

దశమి రేపనగా, నవమి మధ్యాహ్నం, కార్యాలయం నుంచి మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో తాఖీదు. మీ యాజమాన్యములోని వెండి నాణెము శాఖకు చెందిన తొలి బీట కవచాంతర్భాగమున నివసించుచు, కదలినప్పుడెల్లను గలగల శబ్దము చేయుచు, కవచపు లోపలి గోడలపై గీతలు కల్పించుచున్నట్లు నిపుణుల పరిశీలనలో రుజువైనందున, సదరు నాణెమును కవచమునకు హానికరమైన అన్యపదార్థముగా ప్రకటించడమైనది, తక్షణము వచ్చి తొలగించుకొని పోవలెను, లేనిచో తదుపరి గీతలకు మీరే బాధ్యులు అని అందులో ఉంది.

నేను రెండుసార్లు చదివాను. మూడోసారి మా అమ్మకి పైకి చదివి వినిపించాను. కవచాన్ని రూపాయి పాడుచేస్తోందన్నమాట. ఆవిడ నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.

కార్యాలయంలో అందరూ గుమిగూడి ఉన్నారు. పరమకవచం నుంచి ఒక్కొక్కటీ ఎలా తీస్తారో, ఇంకెన్ని కమిటీలు కూర్చుంటాయో అని నాకు దడ. అనంతశయనంగారు పక్కగదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ మూలగా ఒక యంత్రం ఉంది. దాని మీద కాఫీ ఫ్లాస్కు, రెండు కప్పులు ఉన్నాయి. వాటిని దించి, కవచాన్ని అతుకు వెంబడి ఆనించి, పిడి తిప్పారు. సోడాకాయ కొట్టినంత సేపు పట్టింది. ఒకటి తరవాత ఒకటి తెరుచుకున్నాయి. బీట చెక్కుచెదరలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ యంత్రం ఎప్పుడు తెప్పించారండీ అని అడిగాను. కార్యాలయం తెరిచిన రోజునుంచీ ఉందండి, నాణేల కోసం వాడడానికి మాత్రం అనుమతి లేదు అన్నారు.

రూపాయిని రెండు వేళ్ళతో పట్టుకుని నా అరచేతిలో పడేశారు. నేను దాన్ని జేబులో వేసుకుని వచ్చేస్తుంటే, వెనక హాల్లో ఖాళీ డబ్బాని అద్దాల బీరువాలో ఎక్కిస్తున్నారు. లోపల: ఏమియు లేదు, మార్కులు: అరవై తొమ్మిది, అని చీటీ. ఆ పోయిన ఒక్క మార్కూ మా రూపాయి గీతలవల్లనేనని ఒకాయన నాకు వినపడేలా అన్నాడు. క్షమించమని చెప్పి బయటపడ్డాను.

దశమినాడు తెల్లవారగానే మా అమ్మ చింతపండు నానేసి రూపాయిని తోమడం మొదలుపెట్టింది. నాణేలవాళ్ళకి తోమడం మహాపాపమట. వీరభద్రం రెండు చేతులూ జోడించి, "తోమకండి అత్తయ్యగారూ, మార్కులు పోతాయండి" అన్నాడు.

"ఎనిమిదేగా నాయనా. పోనీ."

అనంతశయనంగారిని మా అమ్మే పిలిపించింది. ఆ వేళ మూత నాకమన్నాను, పాపం, పిలిచి కడుపునిండా పెట్టాలి అంది. ఆయన తెల్ల తొడుగులు లేకుండా, పట్టుపంచె కట్టుకుని, వేళకి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ముహూర్తానికి మా అమ్మ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, రూపాయిని పాయసంలో ముంచి, ఆ బుల్లి నాలిక్కి రాసింది. బిడ్డ ముఖం ముడిచింది, ఏడుస్తుందనుకున్నాం, తరవాత నాలుక చప్పరించి, రూపాయి కోసం రెండు చేతులూ చాచింది. రాజుగారి ముక్కు ఇంకొంచెం అరిగింది. నేను అల్లుడికి కనపడకుండా పైకండువాతో కళ్ళు తుడుచుకున్నాను. వాడూ అదే పని చేస్తున్నాడు.

భోజనాలు అయ్యాయి. అనంతశయనంగారు పాయసం మూడుసార్లు వేయించుకున్నారు. అందరూ వెళ్ళిపోయినా ఆయన వసారాలో చెప్పులు వేసుకోకుండా నిలబడ్డారు. ఏమన్నా కావాలా అని అడిగాను. నాతో కాదు, మా అమ్మతో మాట్లాడాలన్నారు.

"మా మనవడికి ఆరో నెలండి మామ్మగారూ. వచ్చే గురువారం ముహూర్తం" అన్నారు. "మా ఇంట్లో కూడా ఒక బంగారు కాసు ఉందండి. మా నాయనమ్మగారిది. మా అందరికీ దాంతోనే పెట్టారు. కార్యాలయం తెరిచిన రోజున అందరికీ ఆదర్శంగా ఉంటుందని మొట్టమొదట దాన్నే పెట్టి మూయించానండి."

"అడిగి తీయించుకో బాబూ. ఆ మిషను ఉందిగా."

"దరఖాస్తు పెట్టాలండి. పెడితే నా బల్ల మీదికే వస్తుంది. నేనే తిరస్కరించాలండి."

ఆ మాట ఆయన హాస్యానికి అనలేదు. నిజంగానే దారి కనపడక నిలబడ్డారు. మా అమ్మ చెంగు ముడి విప్పి, ఇంకా తడి ఆరని రూపాయిని తీసి ఆయన చేతిలో పెట్టింది. పాయసం కాస్త చిక్కగా కాచమను మీ కోడల్ని, పలచగా ఉంటే రూపాయికి అంటుకోదు అని చెప్పింది.

ఆయన రూపాయిని రుమాల్లో కట్టుకున్నారు. జేబులు తడుముకుని కలం తీశారు. తీసుకున్నట్టు ఏం రాసివ్వమంటారు, దేని మీద రాయమంటారు అని అడిగారు.

"రాసేదేముంది నాయనా. పని అయ్యాక తెచ్చి ఇచ్చెయ్."

ఆయన కలం తిరిగి జేబులో పెట్టుకున్నారు.

"అంతేనాండీ మామ్మగారూ?"

"అంతే" అంది మా అమ్మ.